ఫొటో తీశాక ఆ మనిషికి మనం ఏమవుతాం?

పాత కెమెరా, సికింద్రాబాద్ | ఫిబ్రవరి 4, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ లెన్సుల గురించి, ఫిల్మ్ కడగడం గురించే అడిగాను. ఈసారి అడిగేది వేరు.

స్టేషన్ దగ్గర ఒక అవ్వ ఉంది. చిత్తుకాగితాలు, అట్టముక్కలు, ప్లాస్టిక్ సీసాలు ఏరుకుని బతుకుతుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, మూసి ఉన్న కొట్ల ముందు అట్టపెట్టెలు పోగు చేసి, మోకాలితో అదిమి చదును చేసి, పాత సైకిలు ట్యూబు ముక్కతో కట్ట కడుతుంది. సీసాల మూతలు వేరే సంచిలో వేస్తుంది, వాటి ధర వేరట. మూడేళ్లుగా సెలవు రోజుల్లో ఆమె వెంట తిరుగుతున్నాను. మొదటి రెండు నెలలు కెమెరా సంచిలోంచి తీయలేదు. ఇద్దరం టీ తాగేవాళ్లం, మాట్లాడుకునేవాళ్లం, నేను ఇంటికి వచ్చేసేవాడిని. ఇప్పుడు నా దగ్గర నాలుగు వందలకు పైగా ఫొటోలు ఉన్నాయి, అన్నీ నలుపు తెలుపు.

వచ్చే నెలలో ఒక గ్యాలరీ వారు ఇరవై ఫొటోలు ప్రదర్శిస్తామన్నారు. సంతోషం వేసింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమెకు డబ్బు ఇవ్వాలా? ఇస్తే ఇన్నాళ్ల మాటలకూ కూలి కట్టినట్టు అవుతుందా? ఇవ్వకపోతే ఆమె లేమిని గోడకు తగిలించి నేను పేరు తెచ్చుకున్నట్టు కాదా? అసలు ఆమెకు నేను ఏమవుతాను? అనుభవం ఉన్నవారు చెప్పండి.

నెగటివ్ | ఫిబ్రవరి 4, ఉదయం 9:15

ముప్పయి ఏళ్లు పత్రికల్లో ఫొటోలు తీసి రిటైరైనవాడిని. ఉద్యోగంలో చేరిన రోజున మా సీనియర్ చెప్పిన మాట ఇది: మనిషికి దగ్గరగా వెళ్లు, మనిషికి దగ్గర కాకు. తుఫాను బాధితుల మధ్య, రైలు ప్రమాదాల దగ్గర ఆ మాటే నన్ను నిలబెట్టింది. ప్రతి ఇంటి ఏడుపూ నా ఇంటికి తెచ్చుకుంటే మర్నాడు కెమెరా పట్టుకోలేను.

ఫొటో ఒక సాక్ష్యం బాబూ. అమెరికాలో లూయిస్ హైన్ 1908 నుంచి బాలకార్మికులను ఫొటోలు తీశాడు. బైబిళ్లు అమ్మేవాడినని, బీమా ఏజెంటునని చెప్పి కర్మాగారాల్లోకి దూరేవాడు. పిల్లల వయసు యజమానులు దాస్తారని, తన కోటు గుండీల ఎత్తు ముందే కొలిచి పెట్టుకుని, పిల్లవాడి తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి రాసుకునేవాడు. ఆ పిల్లలతో ఆయనకు స్నేహం కుదిరే వీలే లేదు. అయినా బాలకార్మిక చట్టాల కోసం జరిగిన పోరాటంలో ఆ ఫొటోల పాత్ర చిన్నది కాదు. మన దగ్గర మాత్రం? మా ఊళ్లో పాకీదొడ్లు లేవని అధికారులు కాగితం మీద రాసిచ్చినప్పుడు, చేతులతో మలం ఎత్తే పనిని మాన్పించడానికి పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ వారు ఊరూరా తిరిగి ఫొటోలు, పేర్లు సేకరించి సుప్రీంకోర్టు ముందు పెట్టారు. 2003లో వేసిన ఆ కేసులో 2014లో తీర్పు వచ్చింది. కాబట్టి ప్రదర్శన పెట్టండి. నలుగురూ చూడాలి.

వెంకటలక్ష్మి | ఫిబ్రవరి 4, రాత్రి 10:50

నెగటివ్ గారూ, మీ వయసుకు గౌరవం ఇస్తూనే రాస్తున్నాను. ఆ ఆందోళన్‌ను నడిపించిన బెజవాడ విల్సన్ గారు కోలార్ బంగారు గనుల దగ్గర, తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలోనే పుట్టారు. ఆ సాక్ష్యం లోపలివాళ్లు చెప్పిన సాక్ష్యం. బయటినుంచి వచ్చి తీసుకుపోయినది కాదు.

మా అమ్మ మున్సిపాలిటీలో వీధులు ఊడ్చేది. నాకు పదకొండేళ్లప్పుడు ఒక పత్రికలో ఆమె ఫొటో వచ్చింది. మురుగుకాలువ పక్కన కూర్చుని అన్నం తింటున్న ఫొటో. కింద ఆమె పేరు లేదు, "దుర్భర జీవితం" అని ఉంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో అమ్మకు తెలియనే తెలియదు. మా క్లాసులో ఒక పిల్ల ఆ కాగితం మడిచి తెచ్చి అందరికీ చూపించింది. ఆ సాయంత్రం అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఇంట్లో కూర్చుని తింటాను కదా రోజూ, ఆ ఒక్క రోజే ఎందుకు తీశాడు?" ఆ రోజు వాన. డ్యూటీ మధ్యలో ఇంటికి రాలేక అక్కడ తింది. చూసినవాళ్లకు మాత్రం అదే ఆమె బతుకు అయిపోయింది.

పాత కెమెరా గారూ, ఒక్కటే అడుగుతాను. గోడకు ఎక్కబోయే ఆ ఇరవై ఫొటోలను అవ్వకు చూపించారా?

కామాఠీ మనవడు, ముంబయి | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:20

నా పేరు చూసి అడిగేవాళ్లుంటారు కాబట్టి ముందే చెబుతాను. మా తాతగారు పాలమూరు నుంచి కూలికి బొంబాయి వచ్చారు. ఇక్కడి కామాఠీపురా పేటకు ఆ పేరు వచ్చింది మనవాళ్ల వల్లే. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల కూలీలు, మేస్త్రీలు ఇక్కడికి వచ్చి ఈ నగరాన్ని కట్టారు. వాళ్లను కామాఠీలనేవారు. ఆ తరువాత ఆ పేట ఇంకొక పనికి పేరుపడింది. ఊరికి వెళ్లి చిరునామా చెబితే ఇప్పటికీ కొందరి మొహాలు మారిపోతాయి. ఆ బాధ నాకు తెలుసు.

దాని పక్కనే ఫాక్‌లాండ్ రోడ్డు, అదీ వేశ్యావాటికే. అమెరికా ఫొటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ 1968లో మొదటిసారి అక్కడికి వచ్చింది. ఆ తరువాత పదేళ్లు, ఇండియాకు వచ్చినప్పుడల్లా ఆ వీధికి వెళ్లేది. అక్కడి స్త్రీలు చెత్త విసిరారు, నీళ్లు కుమ్మరించారు, తిట్టారు. మగవాళ్లు గుంపుగా చుట్టూ మూగేవారు. 1978లో మళ్లీ వచ్చి, ఏమైనా సరేనని రోజూ వెళ్లి ఆ వీధిలో నిలబడింది. మొదట పలకరించినవాళ్లు వీధిలో నిలబడే స్త్రీలు. తరువాత ఒక ఇంటి యజమానురాలు లోపలికి పిలిచింది. ఆ ఇళ్ల మధ్య నెలల తరబడి గడిపాక 1981లో పుస్తకం వచ్చింది. అన్నీ రంగు ఫొటోలే.

ఆ పుస్తకం ఒక స్నేహితుడి ఇంట్లో చూశాను. రెండు రకాలుగా అనిపించింది, రెండూ దాచను. కొన్ని పేజీల్లో ఆడవాళ్లు జడలు వేసుకుంటున్నారు, పడుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు, ఒకరి ఒళ్లో ఒకరు తల పెట్టుకున్నారు. మా మేనత్త, ఆమె స్నేహితురాళ్లు మధ్యాహ్నం అరుగు మీద అలాగే ఉండేవారు. ఆ వీధిని అలా చూసినవాళ్లు అంతకుముందు నాకు తెలిసి లేరు. మరికొన్ని పేజీల్లో విటులతో ఉన్న స్త్రీలు, వారిలో చిన్న వయసు పిల్లలు, మొహాలు స్పష్టంగా ఉన్నాయి. వాళ్లు సరే అన్నారేమో. ఆ పిల్లలకు సరే అనే వయసు ఉందా? ఆ పేజీలు తిప్పేశాను, ఆగి చూడలేకపోయాను. ఆమె మంచి మనసును నేను అనుమానించడం లేదు. పదేళ్లు ఒంటి మీద చెత్త పడుతున్నా తిరిగి వచ్చిన మనిషి ఆమె. కానీ నమ్మకం సంపాదించినంత మాత్రాన అన్నీ చూపించే హక్కు వచ్చేస్తుందని నేను అనుకోను.

సియాటిల్ శారద | ఫిబ్రవరి 6, ఉదయం 7:30

మేరీ ఎలెన్ మార్క్ పేరు వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి రాస్తాను. పదిహేనేళ్లుగా సియాటిల్‌లో ఉంటున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. పైక్ ప్లేస్ మార్కెట్‌కు చుట్టాలను తీసుకెళ్లి చేపలు విసిరే కొట్టు చూపిస్తాం. 1983లో ఆ పక్కనే ఉన్న పైక్ వీధిలో, ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు అడుక్కుంటూ, ఒళ్లు అమ్ముకుంటూ, చెత్తడబ్బాల్లో పారేసిన తిండి ఏరుకుంటూ బతికేవారు. అమెరికాలో నివసించడానికి అనువైన నగరాల్లో ముందు వరుసలో ఉందని పేరున్న ఊరు కాబట్టే లైఫ్ పత్రిక కోసం మార్క్ ఈ ఊరిని ఎంచుకుంది.

అక్కడ ఆమెకు టైనీ అని పిలిచే పదమూడేళ్ల పిల్ల కనిపించింది. నల్ల గౌను, చేతులకు నల్ల తొడుగులు, టోపీ నుంచి మొహం మీదికి జారిన సన్నటి వల, చేతులు కట్టుకుని నిలబడిన ఆ పిల్ల ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. హాలోవీన్ పండుగకు వేసుకున్న వేషం అది. పెద్దదాని బట్టల్లో చిన్నపిల్ల మొహం. మార్క్ భర్త మార్టిన్ బెల్ ఆ పిల్లల మీద తీసిన డాక్యుమెంటరీ 1984లో వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

మన చర్చకు కావలసింది ఆ తరువాతి కథ. దంపతులిద్దరూ టైనీని న్యూయార్క్‌కు వచ్చి తమతో ఉండమన్నారు. ఒకటే షరతు, బడికి వెళ్లాలి. టైనీ వెళ్లనంది. అక్కడితో తెగిపోవలసిన బంధం తెగలేదు. ముప్పయి ఏళ్లు మార్క్ మళ్లీ మళ్లీ సియాటిల్ వచ్చింది. టైనీకి పదిమంది పిల్లలు పుట్టారు, మత్తుమందులకు అలవాటు పడింది, కొందరు పిల్లలను ప్రభుత్వ సంరక్షణకు తీసుకుపోయారు. అన్నీ ఫొటోల్లో ఉన్నాయి. 2015 మే నెలలో మార్క్ చనిపోయింది. ఈ ముప్పయి ఏళ్ల పుస్తకం ఆ ఏడాదే వచ్చింది.

ఇల్లు లేనివారి వసతి గృహంలో వారానికి ఒక రాత్రి వంట చేయడానికి వెళ్తాను. అక్కడ నేర్చుకున్నది ఒకటుంది. మనం ఇచ్చేదాన్ని వాళ్లు వద్దనవచ్చు. వద్దన్నాక కూడా వచ్చే వారం మనం వెళ్లాలి. మార్క్ టైనీని కాపాడలేకపోయింది, నిజమే. కానీ ఆ పిల్ల వద్దందని అలిగి మొహం తిప్పుకోలేదు. నాకు ఆమె మీద గౌరవం ఆ ఫొటో వల్ల కలిగింది కాదు, ఆ తరువాతి ముప్పయి ఏళ్ల వల్ల కలిగింది.

వెంకటలక్ష్మి | ఫిబ్రవరి 6, రాత్రి 9:05

శారద గారూ, కళ్లు చెమర్చాయి. అయినా నా సందేహం అలాగే ఉంది. ఆ ముప్పయి ఏళ్లూ కెమెరా ఒకరి చేతిలోనే ఉంది కదా.

మధురైలో చేపలు అమ్మే తల్లికి పుట్టిన ఎం. పళని కుమార్ గురించి ఎంతమందికి తెలుసు? మురుగుగుంతల్లో చనిపోయిన సఫాయి పనివారి ఇళ్లకు వెళ్లి ఆ కుటుంబాల ఫొటోలు తీస్తాడు. సఫాయి పనివారి పిల్లలకు కెమెరా పట్టడం నేర్పిస్తాడు. తన తల్లి ఫొటోలూ తీశాడు. ఆ ఫొటోల్లో చేపల గంపలున్నాయి, అలసట ఉంది, "దుర్భర జీవితం" లేదు. మా అమ్మను అలాంటివాడు తీసి ఉంటే ఇంట్లో తగిలించుకునేదాన్ని.

నీలిమ | ఫిబ్రవరి 8, సాయంత్రం 5:40

లోపలివాళ్లే తీయాలన్న మాట నాకూ ఇష్టమే. అయితే బయటినుంచి వెళ్లి, కెమెరాను కొంతైనా ఎదుటివారి చేతిలో పెట్టిన కథ ఒకటి ఉంది. ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్, ఢిల్లీ హిజ్రా మోనా అహ్మద్‌ల కథ.

1989లో లండన్ పత్రిక ఒకటి ఢిల్లీ హిజ్రాల ఫొటోలు తీసి పంపమని దయానితను అడిగింది. అప్పటికి ఆమెకు ముప్పయి ఏళ్లు కూడా లేవు. మోనా ఇంట్లో అందరూ చక్కగా ఫొటోలు తీయించుకున్నారు. అంతా అయ్యాక ఇవి లండన్‌లో అచ్చవుతాయని మోనాకు తెలిసింది. అక్కడ మా చుట్టాలున్నారు, ఫిల్మ్ ఇచ్చేయమంది. దయానిత ఇచ్చేసింది. ఒక్కసారి ఆలోచించండి. విదేశీ పత్రిక పని, పైకి రావాలనుకుంటున్న వయసు, చేతిలో తీసిన ఫిల్మ్. ఇచ్చేసింది. వాళ్ల స్నేహం ఆ ఫిల్మ్ చేతులు మారిన చోట మొదలైంది.

తరువాత మోనాయే ఫొటోలు తీయమని పిలిచింది. పెంచుకున్న కూతురు ఆయేషా పుట్టినరోజులకు పిలిచింది. దూరదూరాల నుంచి హిజ్రాలు వచ్చి రోజుల తరబడి పండుగ చేసేవారట. ఆ బిడ్డను మోనా దగ్గరి నుంచి ఆమె హిజ్రా గురువు తీసుకుపోయిన తరువాత, తాగుడులో మునిగిన రోజుల్లోనూ దయానిత ఉంది. ఢిల్లీలో తన పూర్వీకుల సమాధులున్న శ్మశానానికి మోనా వెళ్లి, అక్కడే ఇల్లు కట్టుకుని, కుక్కలను, బాతులను పెంచుకుంటూ ఉన్నప్పుడూ వెళ్లింది. 2001లో వచ్చిన పుస్తకంలో మాటలు మోనావే. ప్రచురణకర్తకు ఆమె పంపిన ఈమెయిల్ ఉత్తరాలే అందులోని కథ. నన్ను ఒక జాతికి గుర్తుగా చూపించకండి, నేను మోనాను, అన్నదే ఆ ఉత్తరాల సారం. 2017లో మోనా చనిపోయేదాకా ఆ స్నేహం సాగింది. దయానిత 2022లో ఫొటోగ్రఫీలో పెద్ద పేరున్న హాసెల్‌బ్లాడ్ పురస్కారం అందుకుంది, నిజమే. నాకు మాత్రం ఆమె పేరు వినగానే ఇచ్చేసిన ఆ ఫిల్మే గుర్తుకొస్తుంది.

పాత కెమెరా గారూ, అవ్వ "ఇచ్చేయి" అంటే ఇవ్వగలరా? మీ ప్రశ్నకు జవాబు అక్కడ ఉంటుందని నాకు అనిపిస్తోంది.

నెగటివ్ | ఫిబ్రవరి 9, రాత్రి 11:30

రెండు రోజులుగా రాయాలా వద్దా అని ఆలోచించాను.

వెంకటలక్ష్మి గారూ, మీ అమ్మగారి ఫొటో లాంటివి నేనూ తీశాను. చాలా తీశాను. పేర్లు అడిగి రాసుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సాయంత్రం ఆరింటికల్లా ఫొటో డెస్కుకు చేరాలి, అంతే. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. క్షమించమని అడుగుతున్నాను.

నేను దేవుడిలా చూసుకున్న ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్. జపాన్‌లోని మినమాటా అనే ఊళ్లో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, ఆ చేపలు తిన్న మనుషుల్లోకి చేరింది. 1971లో స్మిత్, ఆయన భార్య ఐలీన్ అక్కడికి వెళ్లి మూడేళ్లు ఆ బాధితుల మధ్యే కాపురం పెట్టారు. 1972లో కంపెనీ మనుషులు కొట్టిన దెబ్బలకు ఆయన చూపు దెబ్బతింది. పుట్టుకతోనే ఆ విషానికి గురైన కూతురు టొమోకోను తల్లి స్నానపు తొట్టిలో ఎత్తి పట్టుకున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటో నా బల్ల మీద గాజు కింద ఇరవై ఏళ్లు ఉంది.

టొమోకో 1977లో చనిపోయింది. ఆ తరువాత కూడా ఫొటో ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంటే, పిల్లను ఇక విశ్రాంతి తీసుకోనివ్వండని తల్లిదండ్రులు కోరుకున్నారు. 1998లో ఐలీన్ ఆ ఫొటో హక్కులను వారికే ఇచ్చేసింది. అంత గొప్ప ఫొటోను, అంత పనికొచ్చిన సాక్ష్యాన్ని! ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఫొటో చరిత్రది, ఒక కుటుంబానిది ఎలా అవుతుందని వాదించాను. ఈ రోజు బల్ల మీది గాజు ఎత్తి ఆ కాగితం తీసి లోపల పెట్టాను. నా సాక్ష్యం వాదం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. ఆ ఫొటో లేకపోతే మినమాటా పేరు మనకు తెలిసేది కాదేమో. కానీ సాక్ష్యానికీ ఒక అమ్మానాన్న ఉంటారు.

సియాటిల్ శారద | ఫిబ్రవరి 10, ఉదయం 8:10

నెగటివ్ గారూ, ఇది రాయడం తేలిక కాదు. నమస్కారం.

డబ్బు సంగతి ఎవరూ తేల్చలేదు కాబట్టి నా మాట చెబుతాను. 1936లో డొరొతియా లాంగ్ కాలిఫోర్నియాలో బఠాణీ తోటల దగ్గర తీసిన వలస తల్లి ఫొటో అందరికీ తెలుసు. ఆ తల్లి ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ ఎవరో లోకానికి 1978 దాకా తెలియదు. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని, తీయకపోయి ఉంటే బాగుండేదని ఆమె బాధపడింది. లాంగ్ ప్రభుత్వం తరఫున తీసింది, ఫొటో ప్రభుత్వానిది కాబట్టి ఆమెకు కూడా దాని మీద రాబడి లేదు, ఆ మాటా చెప్పాలి. అయినా ఆ తల్లి బాధలో న్యాయం ఉంది. ప్రింట్లు అమ్ముడుపోతే సగం అవ్వకు ఇవ్వండి. అది దానం కాదు, వాటా. ఆ పేరుతోనే ఇవ్వండి.

వెంకటలక్ష్మి | ఫిబ్రవరి 10, రాత్రి 10:15

నెగటివ్ గారూ, మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "ఆయన్ని భోజనానికి రమ్మను" అంది. గుంటూరు వచ్చినప్పుడు తప్పకుండా రండి.

పాత కెమెరా | ఫిబ్రవరి 19, సాయంత్రం 7:00

ఇన్ని రోజులు రాయనందుకు మన్నించాలి. మీరందరూ రాసినవి రెండుసార్లు చదివి, గ్యాలరీకి ఎంచిన ఇరవై ప్రింట్లూ పట్టుకుని పోయిన ఆదివారం అవ్వ దగ్గరికి వెళ్లాను. అంతకుముందు ఒకటి రెండు ఇచ్చాను కానీ, ఇలా అన్నీ ముందు పెట్టి కూర్చోవడం ఇదే మొదలు. వెంకటలక్ష్మి గారూ, మీరు అడిగినదానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అందుకే మౌనంగా ఉండిపోయాను.

అట్టకట్టల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టాం. ముందు తన ముక్కుపుడక చూసుకుంది. "ఇది ఎర్ర రాయి కదా, నల్లగా వచ్చిందేమిటి?" అంది. పెళ్లినాటిదట. ఎన్ని కష్టాలొచ్చినా అమ్మలేదట. మూడేళ్లుగా నలుపు తెలుపులో తీస్తున్న నాకు ఆ రాయి రంగు ఎప్పుడూ పట్టలేదు. నిద్రపోతున్న ఫొటో ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఆహ్వానపత్రిక మీద వేద్దామనుకున్నది. దాన్ని బోర్లా తిప్పి పక్కన పెట్టింది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఆ నెగటివ్ కూడా తెచ్చి ఇస్తానన్నాను. "ఇవ్వు" అంది.

చివరికి అన్నీ చూసి, "అన్నిట్లో వంగే ఉన్నాను. నేను నిలబడనా?" అని అడిగింది.

వెతికాను. ఆ ఇరవైలో ఒక్కటీ లేదు. ఇంటికి వచ్చి నాలుగు వందలూ తీసి చూశాను. నిటారుగా నిలబడి కెమెరా వైపు చూస్తున్న ఫొటో ఒక్కటి కూడా లేదు. వంగితేనే ఫొటో బాగుంటుందని నా కన్ను ముందే తేల్చుకుంది. ఎవరూ చెప్పకుండానే.

మర్నాడు మళ్లీ వెళ్తే, తనకు కావలసిన ఫొటో ఏదో చెప్పింది. వృద్ధాప్య పింఛను దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలి. రెండేళ్లుగా అనుకుంటోందట, స్టూడియోకు వెళ్లడానికి మొహమాటం. మూడేళ్లు ఫొటోలు తీసిన నన్ను ఎందుకు అడగలేదంటే, "నువ్వు తీసేది వేరే రకం కదా బిడ్డా" అంది. ఒక తెల్ల దుప్పటి కొట్టు షట్టరుకు కట్టి, అవ్వను నిలబెట్టి, రంగులో తీశాను. తల దువ్వుకుంది. పైట సర్దుకుంది. రాయి ఎర్రగా వచ్చింది.

ప్రదర్శనకు తొమ్మిది ఫొటోలే వెళ్తున్నాయి, అవ్వ ఎంచినవి. నిలబడిన ఫొటో పదోది. మొదటి గోడ మీద అదే ఉండాలని గ్యాలరీ వారితో గట్టిగా మాట్లాడాను. ఆమె పేరు ఆమె చెప్పినట్టే కింద వేస్తున్నాం. శారద గారి సలహా ప్రకారం సగం వాటా అని కాగితం రాసి వేలిముద్ర వేయించబోతే, సంతకం చేస్తానంది. చేసింది. ఆమెకు సంతకం వచ్చని కూడా నాకు ఇన్నాళ్లూ తెలియదు.

కామాఠీ మనవడు, ముంబయి | ఫిబ్రవరి 19, రాత్రి 8:25

ఆ పదో ఫొటో ఇక్కడ పెట్టకండి అన్నా. గ్యాలరీలోనే చూస్తాను, టికెట్ తీసుకున్నాను.

నీలిమ | మార్చి 12, ఉదయం 9:00

ప్రదర్శన చూసి వచ్చాను. అవ్వ స్వయంగా వచ్చి తన ఫొటో పక్కన కాసేపు నిలబడింది. పిల్లలు చుట్టూ చేరి ముక్కుపుడక గురించి అడుగుతుంటే జవాబులు చెప్పింది. పాత కెమెరా గారూ, ఆ హడావుడిలో అడగలేకపోయాను. పింఛను వచ్చిందా?

పాత కెమెరా | మార్చి 12, రాత్రి 9:45

ఇంకా రాలేదు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉందట, వయసు చాలడం లేదంటున్నారు. మొన్న ఇద్దరం వెళ్లాం, వరసలో మా వంతు వచ్చేసరికి సమయం అయిపోయింది. గురువారం సెలవు పెట్టాను, మళ్లీ వెళ్తున్నాం.